అత్తయ్య చూసిన చేపలు

మా అత్తయ్య ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఈ మాట కోపంతో అనడం లేదు. అంటే, పూర్తిగా కోపంతో అనడం లేదు. ఆవిడ ఉద్యోగమే అది. ఇరవై రెండేళ్ళు ఒక గాజు కిటికీ ముందు కూర్చుని, ఎదురుగా వెళ్ళే చేపల్ని లెక్కపెట్టారు. పని ముగిశాక ఆ అలవాటు అక్కడే వదిలేసి రావాలి కదా, రారు. పెళ్ళయిన కొత్తలో నేను వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతుంటే కుర్చీలో కూర్చున్న ఆవిడ పెదవులు కదిలేవి. ఏం చదువుకుంటున్నారత్తయ్యా అని మర్యాదగా అడిగాను. పొద్దున్నించి నేను వంటింట్లోకి పద్నాలుగుసార్లు వెళ్ళానట, పదమూడుసార్లే బయటికి వచ్చానట, మరి ఇప్పుడు హాల్లో ఎలా ఉన్నానో అర్థం కావట్లేదట. మధ్యలో ఒకసారి పెరటి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వచ్చానని చెప్పేదాకా ఆవిడ మనసు కుదుటపడలేదు.

ముందు ఆ కిటికీ సంగతి చెప్పాలి. మా ఊరి నదికి ఆనకట్ట ఉంది. గుడ్లు పెట్టే కాలంలో వెండి చేపలు సముద్రం వైపునుంచి ఏటికి ఎదురీది పైకి పోవాలి. ఆనకట్ట అడ్డం. అందుకని పక్కన సిమెంటుతో మెట్లు కట్టారు. ఒక్కో మెట్టూ నీళ్ళు నిండిన తొట్టి. చేప ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి ఎగురుకుంటూ పోతుంది. మెట్ల చివర దారి సన్నబడేచోట నేల కింద ఒక గది ఉంటుంది. ఆ గదికి ఒక గోడంతా గాజే. గాజుకి అవతల నీళ్ళు, ఇవతల ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద రెండు మీటలు. పైకి పోయే చేపకి కుడిచేతి మీట, వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి జారిపోయే చేపకి ఎడమచేతి మీట. ఎడమది కుడిదాంట్లోంచి తీసేస్తే ఆ గంట లెక్క తేలుతుంది. పొద్దున ఆరింటికి మెట్ల తలుపు ఎత్తుతారు, మధ్యాహ్నం రెండున్నరకి దించుతారు. నడుమ తిండికి ఒక అరగంట మూస్తారు. ఏడాదికి నాలుగు నెలలు సీజను. పని ఇంతే. వినడానికి హాయిగానే ఉంటుంది. ఒక పూట కూర్చుని చూడండి, అప్పుడు మాట్లాడదాం.

మా మామయ్య ఆనకట్ట తలుపులు ఎత్తే దించే పనిలో ఉండేవారు. కిటికీ గాజుకి నాచు పడుతుంది, రోజూ పొడుగాటి బ్రష్షుతో తోమడానికి ఒక మనిషి కావాలంటే ఆయన అత్తయ్యని పెట్టించారు. అప్పట్లో ఆ కుర్చీలో ఒక పెద్దాయన ఉండేవాడు. రూలు ప్రకారం గంటలో యాభై నిమిషాలు చూడాలి, పది నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. కదిలే నీళ్ళని అంతకన్నా ఎక్కువసేపు చూస్తే కళ్ళు మోసం చేస్తాయని డాక్టర్లు చెప్పారట. పెద్దాయన చేతిలో ఆ పది నిమిషాలు ఒక్కోసారి అరగంట అయ్యేవి. గురక కూడా పెట్టేవాడట. అత్తయ్య బ్రష్షు పట్టుకుని నిలబడి చూస్తుండగానే ఆయన ముక్కు ముందునుంచి చేపలు వెళ్ళిపోయేవి. ఆ ముక్క చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆవిడ గొంతు మారిపోతుంది.

"సముద్రం దగ్గర్నించి ఈదుకుంటూ వచ్చిందే అది. అన్ని మెట్లెక్కింది. తీరా ఇక్కడికొస్తే దాని మొహం చూసే దిక్కు లేదు" అంటారు.

చేప తరఫున అంత బాధపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అందులో పావు వంతు కోడలి మీద చూపించినా ఎంతో సంతోషించేదాన్ని.

పెద్దాయనకి ఒకసారి వారం రోజులు జ్వరం వచ్చింది. అత్తయ్య సుద్దముక్కతో గది గోడ మీద గీతలు గీసి వారమంతా లెక్క పెట్టారు. ఎవరూ పెట్టమని అడగలేదు. ఆఫీసువాళ్ళు వచ్చి ఆ గోడ చూసి కాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెద్దాయన రిటైరయ్యాక కుర్చీ ఆవిడకే ఇచ్చారు. శిక్షణా లేదు, పాడూ లేదు. కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టి, గంటకో అంకె వేసి పంపండమ్మా అని చెప్పి వెళ్ళిపోయారు. ఆవిడ ఇరవై రెండేళ్ళు అదే పని చేశారు.

ఊళ్ళో అందరికీ ఆవిడ కిటికీ అత్తే. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు ఇంకా ఎంతమందికి వండాలో ఆవిణ్ణే అడిగేవాళ్ళు. గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని, లోపలికి వచ్చినవాళ్ళని కలుపుతూ, సిగరెట్టుకని బయటికి పోయినవాళ్ళని తీసేస్తూ, ఒక్క మనిషి తేడా లేకుండా చెప్పేవారు. సీజనులో ఒక్క రోజు సెలవు పెట్టి ఎరగరు. మా పెళ్ళి ముహూర్తం కూడా చేపలన్నీ వెళ్ళిపోయాకే కుదిరింది. తను అమ్మ ఉద్యోగంలో చేరకముందే పుట్టాడు గనక బతికిపోయాడనీ, లేకపోతే తనని కనడానికి కూడా తీరిక దొరికేది కాదనీ మా ఆయన దెప్పుతుంటాడు.

కిందటేడు ఆవిడకి అరవై నిండాయి. ఆ కుర్చీకి నేను దరఖాస్తు పెట్టాను. అంతకుముందు ఆరేళ్ళు నేను చేపల గోడౌనులో, ఐసుగదిలో పనిచేశాను. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే మా ఆయన్ని కేకేయాల్సి వచ్చేది. కూర్చుని చేసే పని, అదీ ఇంటికి నడిచి వచ్చేంత దూరంలో అనేసరికి నా ప్రాణం లేచొచ్చింది. కాకపోతే ఒక మెలిక ఉంది. మొదటి సీజను పని చూసి, నచ్చితేనే ఖాయం చేస్తారు. నచ్చకపోతే మళ్ళీ ఐసుగదికే పోవాలి.

నన్ను రెండు వారాలు పట్నానికి శిక్షణకి పంపించారు. యాభై నిమిషాలు చూడండి, పది నిమిషాలు కళ్ళు మూసుకోండి, ఆ పది నిమిషాల్లో పోయే చేపల గురించి బెంగపెట్టుకోకండి, వాటిని ఆఫీసులో మేం కలుపుకుంటాం అని అక్కడ చెప్పారు. యాభై నిమిషాల్లో యాభై చేపలు పోతే గంటకి అరవై అని వాళ్ళే వేసుకుంటారట. భేషుగ్గా ఉంది అనుకున్నాను. ఇంటికొచ్చాక అత్తయ్య మిగతావన్నీ నేర్పారు. రెండు చేపలు పక్కపక్కన వస్తే వెనకదాని తోక ఎలా పట్టుకోవాలి, వరద నీళ్ళలో నీడని బట్టి ఎలా పోల్చుకోవాలి, తుమ్ము వస్తే ఎలా ఆపుకోవాలి, ఇలాంటివన్నీ. పది నిమిషాల సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ అడగలేదు. రోజూ ఊపిరి ఎలా పీలుస్తారని ఎవరైనా అడుగుతారా? గదిలో చేరిన రోజు గోడ మీద పాత క్యాలెండరు తీసేస్తే దాని వెనక ఒక బోర్డు కనబడింది. గంటకి పది నిమిషాలు కళ్ళకి విశ్రాంతి ఇవ్వవలెను అని ఎర్రక్షరాలతో రాసి ఉంది. నిన్ననే రాసినట్టు రంగు కూడా చెక్కుచెదరలేదు. దాని మీద క్యాలెండరు ఎందుకు వేలాడదీశారన్న ఆలోచన ఆ రోజు నా బుర్రకి తట్టలేదు.

సీజను బాగానే గడిచింది. నేను ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా రూలు ప్రకారం చూశాను, రూలు ప్రకారం కళ్ళు మూసుకున్నాను. సీజను అయిన నెలకి సభ వచ్చింది.

మా నది ఒక్క ఆఫీసు సొత్తు కాదు. చేపల శాఖ ఒకటి, అడవి జంతువుల శాఖ ఒకటి, అవి కూడా నది పొడుగునా ప్రాంతానికొకటి చొప్పున ఉంటాయి. వీళ్ళంతా ఏడాదికోసారి ఒకచోట కూడి, లెక్కలు సరిచూసుకుని, వాదులాడుకుని, కలిసి భోంచేసి వెళ్తారు. కిటికీల దగ్గర ఎవరు కూర్చోవాలో ఖాయం చేసేది కూడా అక్కడే. ఈసారి సభ మాకు బస్సులో గంట దూరంలో, ఒక హోటలు రెండో అంతస్తులో పెట్టారు. మా ఇద్దరికీ పిలుపు వచ్చింది. నా ఉద్యోగం సంగతి తేల్చడానికి నన్ను రమ్మన్నారు. అత్తయ్యకి సాయంత్రం నాలుగింటికి సన్మానం. ఆవిడ దానికోసం కొత్త చెప్పులు కొన్నారు. వారం రోజులు ఇంట్లో వాటితో నడిచి అలవాటు చేసుకున్నారు.

హాలు గుమ్మంలో మా మెళ్ళో బిళ్ళలు వేశారు. నాది తాత్కాలికం, ఆవిడది గౌరవ అతిథి. గోడల వెంట చేపల పటాలు, పక్షుల పటాలు పెట్టారు. ఒక బల్ల మీద గాజుపెట్టెలో, ఏట్లో చేపలు తిని బతికే నీటికుక్క బొమ్మ ఉంది. దాని పక్కన నిలబడ్డ గడ్డపాయన వచ్చిపోయేవాళ్ళందరికీ అది ఎంత మంచి జంతువో చెబుతున్నాడు. జంతువుల శాఖలో నీటికుక్కల్ని చూసుకునేది ఆయనేనట. అత్తయ్య గుమ్మం వైపు తిరిగి కూర్చున్నారు. నూట పద్దెనిమిది మంది వచ్చారు, ఐదుగురు వెనక్కి పోయారు అని కాఫీ వచ్చేలోపు నా చెవిలో వేశారు.

మొదటి పెద్ద గొడవ నీటికుక్కల మీదే వచ్చింది. మా ఆనకట్టకి పైన ఇరవై మైళ్ళ దూరంలో ఇంకో ఆనకట్ట ఉంది, దానికీ ఒక కిటికీ ఉంది. మా కిటికీ ముందునుంచి పోయిన చేపల్లో ఏటా నాలుగు వేల చేపలు ఆ కిటికీకి చేరవు. ఈ వింత ఇరవై ఏళ్ళుగా నడుస్తోందట. నడుమ ఉన్న నీటికుక్కలే తినేస్తున్నాయని చేపల శాఖవాళ్ళ వాదన. ఉన్నవి ఆరు నీటికుక్కలు, పొట్ట పగిలేలా తిన్నా అన్ని తినలేవని గడ్డపాయన మొత్తుకోలు. ఆ ఆరింటినీ పట్టుకుని వేరే అడవిలో వదిలేయాలన్న తీర్మానం ఈసారి బల్ల మీదికి వచ్చేసింది.

అప్పుడు లెక్కల ఆఫీసరు లేచారు. ఆయనకి నేను అప్పటికే దశాంశం గారని పేరు పెట్టేశాను. ఎంతమంది అని అడిగితే పదకొండు పాయింట్ నాలుగు అని చెప్పే రకం. తెర మీద అంకెలు వేశారు. మా కిటికీ లెక్క కిందటేడు ఇరవై నాలుగు వేల నూట ఇరవై, ఈ ఏడు ఇరవై వేల రెండు వందల చిల్లర. పై కిటికీ లెక్క కిందటేడు ఇరవై వేల నలభై, ఈ ఏడు ఇరవై వేల నూట ఎనభై. ఈ ఏడు చేపలేవీ మాయం కాలేదు కదా, మరి నీటికుక్కలు ఉపవాసం చేశాయా అని గడ్డపాయన అడిగాడు. హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు చల్లారకముందే దశాంశం గారు నన్ను లేవమన్నారు.

"పైన చేప తగ్గలేదమ్మా. మీ కిటికీ దగ్గరే ఆరో వంతు తగ్గింది. చేప మీ ముందునుంచి పోకుండా పైకి ఎలా వెళ్ళింది?"

నా నోరు మామూలుగా ఊరుకునే నోరు కాదు. గోడౌనులో సూపర్‌వైజరుకే ఎదురు చెప్పి వచ్చినదాన్ని. కానీ తెర మీది అంకెలకి ఏమని ఎదురు చెప్పాలి? ఫోను చూసుకుంటున్నారా అని వెనకనుంచి ఎవరో అడిగారు. నా ఫోను పైన గేటు దగ్గర వదిలేసే గదిలోకి దిగుతానని చెప్పాను, నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఇరవై రెండేళ్ళ అనుభవం తరవాత కొత్త మనిషి కూర్చుంటే ఇలా జరగడం సహజమేనని సభ అధ్యక్షురాలు మెత్తగా అన్నారు. సాయంత్రం సభ ముగిసేలోపు నిర్ణయం చెబుతామన్నారు. అంత మెత్తగా అన్నారంటే నా పని అయిపోయినట్టే. అందరి ముందు తల తీసేసినట్టయింది. కూర్చుని నా వేళ్ళు నేనే పిసుక్కున్నాను.

భోజనాల దగ్గర పళ్ళెం పట్టుకుని నేనూ అత్తయ్యా వరండాలోకి వచ్చాం. నాకు ముద్ద దిగలేదు, ఏడుపు మాత్రం బాగానే వచ్చింది. రూలు రూలు అని చావకుండా ఆ పది నిమిషాలు కూడా కళ్ళు తెరుచుకుని కూర్చుంటే ఏ నిందా పడేది కాదు కదా అని నా గోడు నేను వెళ్ళబోసుకుంటున్నాను. అత్తయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏ పది నిమిషాలు? అంటే నువ్వు కళ్ళు మూసుకునేదానివా?"

దొంగతనం ఒప్పుకున్నట్టు చూశారు నా వంక. మీరు మూసుకునేవారు కాదా అని అడిగాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క గంట కూడా మూసుకోలేదట. చూడమని కూర్చోబెడితే కళ్ళు మూసుకోవడానికి ఆవిడకి మనసొప్పలేదట. రూలుకి విరుద్ధమని తెలిస్తే తిడతారని ఎవరికీ చెప్పలేదట. బోర్డు కనబడినప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు ఉంటోందని దాని మీద క్యాలెండరు వేలాడదీశారట.

పది నిమిషాల చేపల్ని ఆఫీసులో విడిగా కలుపుతారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆగిపోయాను, ఎందుకంటే అప్పుడే నాకూ వెలిగింది. ఆవిడ గంట గంటంతా చూసి అరవై చేపలు రాస్తే, వాళ్ళు దాన్ని యాభై నిమిషాల లెక్క అనుకుని డెబ్భై రెండు వేసుకున్నారు. ప్రతి గంటా అంతే, ప్రతి రోజూ అంతే, ఇరవై రెండేళ్ళూ అంతే. నీటికుక్కలు తిన్నాయన్న చేపలు అసలు నదిలోనే లేవు. నేను ఏ చేపనీ వదిలేయలేదు.

లెక్క విషయంలో అత్తయ్యకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నా మొహం చూస్తూనే ఆవిడ తేల్చేసుకున్నారు. పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టేశారు. ఆ మొహంలో రంగు లేదు. హాల్లో అధ్యక్షురాలి బల్ల మీద సన్మానంలో ఇచ్చే పలక ఉందని మా ఇద్దరికీ తెలుసు. దాని మీద ఇరవై రెండేళ్ళ తప్పులేని లెక్కకు అని చెక్కి ఉంది. పొద్దున్నే దాన్ని చూసి వచ్చి ఆవిడ నాకు మూడుసార్లు చెప్పారు.

నిజం చెప్పుకోవాలి. ఒక్క క్షణం నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పరుగెత్తుకెళ్ళి దశాంశం గారి చొక్కా పట్టుకుని చెప్పాలనిపించింది. మరుక్షణం ఆవిడ కొత్త చెప్పులు కళ్ళబడ్డాయి. నాకు కోపం వస్తే ఒళ్ళు తెలియదని అంటారు గానీ, అంత కసాయిదాన్ని కాను.

"అత్తయ్యా, మీరేం మాట్లాడకండి. నా సంగతి నేను చూసుకుంటాను. నాలుగింటికి వెళ్ళి అది తీసుకోండి, ఇంటికి పోదాం" అన్నాను.

ఆవిడ మధ్యాహ్నమంతా హాల్లో గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నారు. ఎవరు వచ్చారో ఎవరు పోయారో చూడలేదు. ఐసుగదిలో మళ్ళీ ఎప్పుడు చేరాలి, సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా ఎలా పడాలి అని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాలుగింటికి ఆవిడ పేరు పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు పలక చేతికివ్వబోతే అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మైకు ఎక్కడుందని అడిగారు. నేను వద్దని చెయ్యి ఊపాను, ఆవిడ నా వైపు చూస్తే కదా.

"నాకు మాట్లాడ్డం రాదు. ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను. గంటకి పది నిమిషాలు కళ్ళు మూసుకోమని రూలు. నేను ఒక్కనాడూ మూసుకోలేదు. చేప పోతుంటే కళ్ళు మూసుకోవడం నాకు చేతకాలేదు. ఆ పది నిమిషాలకి మీరు విడిగా కలుపుతారని నాకు ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది. కాబట్టి నా అంకెలన్నీ ఎక్కువ. మా అమ్మాయి అంకె సరైనది. అది రూలు ప్రకారం కళ్ళు మూసుకుంది, రూలు ప్రకారం చూసింది. దాన్ని ఏమీ అనకండి. అనాలంటే నన్ను అనండి."

దశాంశం గారు లేచి నిలబడ్డారు. ఒక్కసారి కూడా మూసుకోలేదా, బాగా గుర్తుందా అని అడిగారు. రెండుసార్లు కుర్చీ దిగానని అత్తయ్య చెప్పారు. కొడుకు బళ్ళో చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు ఫోను కోసం పైకెళ్ళి ఏడు నిమిషాలు, వరదకి చెత్త కొట్టుకొచ్చి గాజుకి అడ్డం పడితే తియ్యడానికి వెళ్ళి పన్నెండు నిమిషాలు. అవి రెండూ ఆయా రోజుల కాగితాల వెనక రాసి పంపానని, ఎవరూ చదివినట్టు లేదని అన్నారు.

దశాంశం గారు కార్యక్రమం కాగితం తిరగేసి దాని మీదే లెక్క కట్టారు. మేమంతా ఆయన పెన్ను వంక చూస్తూ కూర్చున్నాం. ఇరవై నాలుగు వేల నూట ఇరవైలోంచి విడిగా కలిపింది తీసేస్తే ఇరవై వేల నూరు. పై కిటికీలో ఆ ఏడు ఇరవై వేల నలభై. ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. కంప్యూటరు తెరిచి అంతకుముందు ఏడు చూశారు, దానికి ముందు ఏడు చూశారు, తొమ్మిదేళ్ళు చూశారు. ఒక ఏడు తొంభై తేడా, ఒక ఏడు ముప్ఫై అయిదు. ఎక్కడా వంద దాటలేదు.

"అరవై" అన్నారు చివరికి. మొదటిసారి ఆయన నోట్లోంచి దశాంశం లేని అంకె వచ్చింది. "ఇరవై వేల చేపల్లో అరవై తేడా. నాలుగు వేల చేపలు ఎక్కడికి పోయాయని ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాం. అవి లేనే లేవు."

ముందుగా నవ్వింది గడ్డపాయన. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ఒకరిని చూసి ఒకరు, చేపల శాఖవాళ్ళతో సహా, హాలంతా నవ్వింది. అది వెక్కిరింత నవ్వు కాదు. బండెడు బరువు దించుకున్నవాళ్ళ నవ్వు. అత్తయ్యకి మాత్రం అది అర్థం కాలేదు. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని మైకు పట్టుకుని అలాగే నిలబడ్డారు. తప్పు ఆవిడ లెక్కలో లేదని, కలిపిన చోట ఉందని, అది తన ఆఫీసు చేసిన తప్పని దశాంశం గారు అందరికీ వినబడేలా అన్నారు. అధ్యక్షురాలు మళ్ళీ పలక చేతికిచ్చారు. ఈసారి అత్తయ్య తీసుకున్నారు, కాని గట్టిగా పట్టుకోలేదు. నీటికుక్కల తీర్మానం చింపేశారు. నా పేరు పక్కన తాత్కాలికం అన్న మాట అధ్యక్షురాలు అక్కడికక్కడే కొట్టేసి ఖాయం అని రాసి సంతకం పెట్టారు. గుండెల మీద బండ దించినట్టయింది. నేను బయటికి పోయి, చేతులు కడుక్కునే చోట కొళాయి తిప్పి, ఎవరికీ వినబడకుండా కాసేపు ఏడ్చి వచ్చాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. ఎందుకు చెప్పారత్తయ్యా, నేను వద్దన్నాను కదా అని అడిగాను. నా ఉద్యోగం పోతే ఇంట్లో పొద్దస్తమానం నా ధుమధుమలు ఎవరు పడతారు అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. పలక ఒళ్ళో బోర్లించి పెట్టుకున్నారు. మా ఊరు పది నిమిషాల్లో వస్తుందనగా నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"అమ్మాయ్, నిజం చెప్పు. నేను చూసిన చేపలన్నీ ఉన్నవేగా?"

పొద్దున నా ఉద్యోగం కోసం నేను పడిన బాధంతా ఒక ఎత్తు, ఈవిడ సాయంత్రం నుంచి లోలోపల పడుతున్నది ఒక ఎత్తు. నాలుగు వేల చేపలు లేవని అంతమంది నవ్వుతుంటే, తన కళ్ళ ముందు కదిలినవాటిలో ఏవి లేవో అని ఈవిడ వెతుక్కుంటూ కూర్చున్నారు.

"అన్నీ ఉన్నవే అత్తయ్యా. ఒక్కటి కూడా తక్కువ లేదు. మీరు చూడనివే లేవు."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూశారు. హమ్మయ్య అని సీటుకి వెనక్కి వాలారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.